పద్నాలుగో చుక్క

ఆకాశంలో లేని నక్షత్రాన్ని అద్దాలమ్మ చూసినట్టు గీసిందన్న మాట ఒక ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు, పదకొండు మంది ఎదుట, ఆమె ఆడపడుచు నోట వెలువడింది. ఆ మాట అనే ముందు ఆడపడుచు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ఆ అద్దాలను అరగదీసి ఫ్రేములో బిగించినది అద్దాలమ్మే.

మందుల దుకాణం పైనున్న ఒక్క గది నక్షత్ర పరిశీలకుల సంఘానికి కార్యాలయం. పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, తలుపు పూర్తిగా మూసుకోని ఒక ఇనుప బీరువా. గది పక్కనున్న నిచ్చెన ఎక్కితే మేడ మీద రేకుల గూడు, అందులో పది అంగుళాల టెలిస్కోపు. దుకాణం యజమాని గది ఇచ్చాడు గనుక ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. నక్షత్రాల సంగతి ఆయన అడగడు, వీళ్లు చెప్పరు. సంఘాన్ని నడిపేది కార్యదర్శి. ఆవిడ అద్దాలమ్మ భర్తకు స్వయానా అక్క. ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్న టీచరు. విశ్రాంతి తీసుకున్నది బడి నుంచి మాత్రమే. లెక్కలు అడగడం నుంచి కాదు.

ఆవిడ చేతిలో కేంద్ర సంఘం ఉత్తరం ఉంది. కేంద్రం ప్రతి నెలా సభ్యులకు ఒక ఫైలు పంపుతుంది. కంప్యూటరులోని నక్షత్రపటం సాఫ్ట్‌వేరులో ఆ ఫైలు తెరిస్తే, వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలు ఈ నెల ఏవి చూడాలో, వాటిని చుట్టుపక్కల ఏ నక్షత్రంతో పోల్చి వెలుగు అంచనా కట్టాలో గుర్తులతో సహా కనిపిస్తుంది. సభ్యులు టెలిస్కోపులో చూసి, కనిపించిన చుక్కలను కాగితం మీది వలయంలో గీసి, వెలుగు అంకె వేసి పంపాలి. ఈ మధ్య చూడకుండానే తెరను చూసి గీసేవాళ్లు ఎక్కువయ్యారట. అందుకని కేంద్రం ఎవరికీ చెప్పకుండా ఫైలులో ఒక దొంగ చుక్క కలిపింది. అద్దాలమ్మ పంపిన బొమ్మలో ఆ చుక్క దర్జాగా కూర్చుని ఉంది.

"చూడని చుక్క గీసిన చేయి చూడని వెలుగు కూడా రాస్తుంది," అంది కార్యదర్శి. "ఏం చెబుతావు అమ్మాయ్?"

"చూసే రాశాను వదినగారూ."

"లేనిదాన్ని ఎలా చూశావు? ఆ విద్య మాకూ నేర్పు. టెలిస్కోపు అమ్మేసి హాయిగా కూర్చుంటాం."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అద్దాలమ్మ నవ్విన వాళ్ల వంక చూడలేదు. బల్ల మీది తన బొమ్మను చూసింది. పన్నెండు చుక్కలు. పన్నెండోది పైన కుడి పక్కన, మిగతావాటంత గుండ్రంగా, మిగతావాటంత శుభ్రంగా ఉంది. గీసింది తన చెయ్యే. అందులో అనుమానం లేదు.

"రూలు అందరికీ తెలిసిందే," కార్యదర్శి కాగితం మడిచింది. "ఒక్క నివేదిక దొంగదని తేలితే పాతవన్నీ కొట్టేస్తారు. పదిహేను రోజుల్లో నా అభిప్రాయం రాసి పంపాలి. బంధుత్వం చూసి రాశానని రేపు ఎవరూ అనకూడదు కదా."

పాతవన్నీ అంటే పదకొండేళ్లు. ఆరు వందల పద్దెనిమిది నివేదికలు. ఆ అంకె అద్దాలమ్మకు ఎప్పుడూ లెక్కపెట్టకుండానే తెలుసు, సొంత పిల్లల వయసు తెలిసినట్టు.

ఆమె పనిచేసే కళ్లద్దాల షాపులో ముందున్న అద్దాల బీరువాలు, నవ్వుతూ ఫ్రేములు తొడిగే కుర్రాళ్లు కొనేవాళ్ల కోసం. వెనక గదిలో తిరిగే సానచక్రం, దాని మీద సన్నగా పడే నీటి ధార, తెల్లని గాజు బురద అద్దాలమ్మ కోసం. ఇరవై నాలుగేళ్లుగా ఆమె పని గుండ్రని గాజుబిళ్లను ఫ్రేము ఆకారానికి అరగదీయడం. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ కొన్ని కళ్లకు అద్దం ఒక నిర్ణీత కోణంలో మాత్రమే నప్పుతుంది. ఆ కోణానికి గుర్తైన గీత ఎనభై అయిదు డిగ్రీల దగ్గర ఉండాల్సింది తొంభై దగ్గర కూర్చుంటే పెట్టుకున్నవాడికి అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి, తల మాత్రం పగిలిపోతుంది. ఎందుకో తెలియక డాక్టరును తిడతాడు. అద్దాలమ్మ చేతి మీదుగా వెళ్లిన అద్దం తిరిగి రావడం ఆ షాపులో ఎవరూ చూడలేదు. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడరు.

ఆమెను సంఘానికి తెచ్చింది ఆడపడుచే. పదకొండేళ్ల కిందట టెలిస్కోపు అద్దం మసకబారితే, "మా మరదలికి గాజు తుడవడం బాగా వచ్చు," అని పిలిపించింది. అద్దం తుడిచిన సాయంత్రం, ఎలా ఉందో చూడమని టెలిస్కోపులో కన్ను ఆనించే ఐపీసు దగ్గరకు తనే పంపింది. చూసిన అద్దాలమ్మ, "ఎడమ పక్క రెండు చుక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి," అంది. ఆ జంటను విడదీసి చూడడానికి టీచరుగారికి అప్పటికి మూడేళ్లు పట్టింది. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. ఆ రోజు నుంచి ఈ ఆడబిడ్డ పూర్తి మొగుడిలా ప్రవర్తించసాగింది.

అద్దాలమ్మ పద్ధతి పట్టపగలే మొదలయ్యేది. మధ్యాహ్నం భోజనం వేళ వెనక గదిలో సానచక్రం ఆపి, పాత ల్యాప్‌టాపు తెరిచేది. సాఫ్ట్‌వేరులో మేడ ఉన్న అక్షాంశ రేఖాంశాలు పెట్టి ఉంచింది. మేడ చుట్టూ ఏ దిక్కున ఏ గోడ ఎంత ఎత్తు అడ్డం వస్తుందో బడిపిల్లల కోణమానిని, దారం, ఒక నట్టు కట్టి స్వయంగా కొలిచి ఎక్కించింది. పడమట పక్కింటి నీళ్ల ట్యాంకు ఇరవై రెండు డిగ్రీలు. తెర మీద సమయం ముందుకు జరిపితే ఏ నక్షత్రం ఎన్ని గంటలకు ఆ ట్యాంకు వెనక్కి పోతుందో తెలిసేది. పోయేవాటిని మొదట, వచ్చేవాటిని తర్వాత పెట్టుకుని వరస రాసుకునేది. టెలిస్కోపులో బొమ్మ తలకిందులుగా ఉంటుంది గనుక తెరనూ తలకిందులు చేసి, ఐపీసులో పట్టేంత వలయం గీయించి, అందులోని చుక్కలతో సహా కాగితం ముద్రించుకునేది. మంగళ, శుక్రవారాలు సాయంత్రం ఏడున్నరకు మేడ ఎక్కి, ఐపీసులో కనిపించిన ప్రతి చుక్క పక్కనా ఆ కాగితం మీద పెన్సిలుతో చిన్న అడ్డగీత పెట్టేది. మర్నాడు ఆ ముద్రిత కాగితం మీద మరో కాగితం పెట్టి, షాపులో అద్దాల గీతలు చూసే దీపపు పలక మీద ఆనించి, సిరాతో శుభ్రప్రతి దించేది.

ఆదివారం ఇంటికి వచ్చి, పెట్టెలోంచి ఆ నెల చిత్తుకాగితాలు తీసింది. ఎనిమిదో తారీకుది దొరకగానే మంచం అంచున కూర్చుంది.

పన్నెండు ముద్రిత చుక్కలు. పదకొండింటి పక్కన పెన్సిలు గీతలు. పన్నెండో దాని పక్కన గీత లేదు. దాని కింద సన్నగా, 'లేదు. రెండుసార్లు చూశాను,' అని తన చేతిరాతే.

చూడనిది చూశానని ఆమె రాయలేదు. కాకపోతే మర్నాడు షాపులో, ఆకలి మీద, దీపపు పలక మీద ముద్రిత చుక్కలన్నిటినీ దించేసింది. అడ్డగీతలు ఉన్నవి మాత్రమే దించాలన్న నియమం తాను పెట్టుకున్నదే. ఆరు వందల పదిహేడు సార్లు పాటించిందో, లేక లేని చుక్క ఇన్నాళ్లూ లేదు గనుక తప్పు బయటపడలేదో, ఆ క్షణాన ఆమెకే తెలియలేదు. అది అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది. పెట్టెలోని కాగితాలన్నీ తీసి, శుభ్రప్రతుల నకళ్లతో ఒక్కొక్కటీ పోల్చింది. రెండు రోజులు పట్టింది. మరెక్కడా తేడా లేదు.

ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. రెండో రోజు కూడా నేలంతా కాగితాలే చూసి, గుమ్మం దగ్గరే చెప్పులు విడవకుండా నిలబడ్డాడు.

"అక్కతో నన్ను మాట్లాడమంటావా?"

"వద్దు."

"అనవని తెలిసే అడిగాను. మీ ఇద్దరి మధ్య నేను క్లచ్ ప్లేటు లాంటివాణ్ణి. బండి ఎటు పోయినా అరిగేది నేనే."

"అయితే పక్కకు జరగండి. గేరు మార్చాలి," అని ఆమె చిత్తుకాగితం తీసుకుని మెట్లెక్కింది. ఆడపడుచు ఉండేది అదే ఇంటి పైవాటాలో.

కార్యదర్శి తలుపు సగమే తీసింది. కాగితం చేతికి తీసుకోకుండానే చూసింది.

"ఈ పెన్సిలు గీతలు ఎనిమిదో తారీకువా, నిన్నటివా? వాటికి జన్మపత్రిక ఉందా?"

"నా రాత మీకు తెలుసు."

"తెలుసు. నీ రాతే. నిన్న రాసినా నీ రాతే ఉంటుంది." ఆవిడ గొంతు తరగతి గదిలో వెనక బెంచీకి వినిపించే గొంతు. "తప్పు దొరికాక చిత్తుకాగితాలు తెచ్చే పిల్లల్ని ముప్పై రెండేళ్లు చూశాను. నువ్వు కొత్తగా ఏం తెచ్చావు?"

అద్దాలమ్మ ఆ మెట్ల మీద నిలబడే నిర్ణయించుకుంది.

"అయితే పరీక్ష పెట్టండి. చార్టు లేకుండా గీస్తాను. ఏ నక్షత్రమో మీరే ఎంచుకోండి, టెలిస్కోపు మీరే తిప్పండి, తెర మీ చేతిలోనే ఉంచుకోండి. ఒక్క చుక్క ఎక్కువైనా, తక్కువైనా కొట్టేయమని రాయండి. నేను సంతకం పెడతాను."

కార్యదర్శి తలుపు పూర్తిగా తీసింది. "అధ్యక్షులవారు సాక్షి. రేపు ఏడుంబావుకి."

బుధవారం మబ్బు లేదు. మేడ మీద దుమ్ము, చల్లారుతున్న సిమెంటు వాసన. అధ్యక్షుడు ఎర్ర కాగితం చుట్టిన టార్చి పట్టుకుని, దుకాణంలో ఎవరికో ఇవ్వాల్సిన మందు గుర్తొచ్చినవాడిలా మెట్ల వైపే చూస్తున్నాడు. కార్యదర్శి టెలిస్కోపు తిప్పి, ల్యాప్‌టాపు ఒళ్లో పెట్టుకుని, అద్దాలమ్మకు వీపు పెట్టి కూర్చుంది. సంఘం నివేదికల అట్టను కూడా పక్కనే పెట్టుకుంది. తీర్పు అక్కడే రాయాలని సిద్ధపడి వచ్చినట్టుంది.

అద్దాలమ్మ ఖాళీ వలయం గీసిన కాగితంతో ఐపీసు దగ్గర వంగింది. చీకటికి కన్ను అలవాటు పడేదాకా ఏమీ గీయలేదు. పెద్దవి అయిదు వెంటనే దొరికాయి. తర్వాత నాలుగు. మిణుకు చుక్కలను సూటిగా చూస్తే దొరకవు. చూపు కొంచెం పక్కకు మళ్లిస్తే కంటి అంచున మెరుస్తాయి. అలా మరో మూడు. పదమూడో చుక్కకు పది నిమిషాలు పట్టింది. ఒకసారి కనిపిస్తే చాలదని ఆమె నియమం. మూడుసార్లు, అదే చోట. ఎనిమిది గంటలు దాటి అయిదు నిమిషాలకు నడుం నిలబెట్టి కాగితం ఇచ్చింది.

కార్యదర్శి తెరనూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కొక్క చుక్కా దాటింది. వేలు ఆగింది.

"పదమూడే."

"అవును."

"పద్నాలుగు ఉండాలి. ఈ రెంటికీ కింద ఒకటి ఉంది. వదిలేశావు."

"అక్కడ ఏమీ లేదు వదినగారూ."

"తెర మీద ఉంది. ఇది మిణుకుది కూడా కాదు, నువ్వు గీసిన చివరి రెండింటి కంటే వెలుగుది. వాటిని చూసిన కన్ను దీన్నెందుకు చూడలేదో?" ఆవిడ అధ్యక్షుడి వైపు తిరిగింది. "చూశారా? అవి కూడా ఎక్కడో చూసి బట్టీ పట్టినవే. బట్టీలో ఒకటి జారిపోయింది."

"టీచరుగారూ, ఒక్కసారి మీరు కూడా చూస్తే..." అన్నాడాయన, డోసు తగ్గించమని బతిమాలినట్టు.

కార్యదర్శి లేచి, కళ్లద్దాలు తీసి, కుడికన్ను ఐపీసుకు ఆనించింది. నిమిషం కూడా గడవలేదు.

"ఉంది. స్పష్టంగా ఉంది. జంటకి కింద, కొంచెం ఎడమగా."

అధ్యక్షుడూ వంగి చూశాడు. "నాకు ఏడే కనిపిస్తున్నాయి. నా కళ్లు లెక్కలోకి రావు లెండి."

అద్దాలమ్మ మళ్లీ ఐపీసు దగ్గరకు వెళ్లింది. జంట చుక్కలకు కింద నల్లగా, ఖాళీగా ఉంది. చూపు పక్కకు మళ్లించింది. గొట్టాన్ని వేలితో మెల్లగా కదిపింది. కదిలితే మిణుకు చుక్క బయటపడుతుంది. ఖాళీగానే ఉంది. తన చూపు మీద తనకే అనుమానం వచ్చే క్షణం ఒకటి ఉంటుంది. అది వచ్చింది. ఆరు వందల పద్దెనిమిదీ ఆ ఖాళీలో మునిగిపోతున్నట్టు అనిపించింది. అప్పుడు ఉత్తరంలోని ఒక మాట ఆమెకు గుర్తొచ్చింది: మా ఫైలులో మేము చేర్చిన చుక్క.

రోజూ మధ్యాహ్నం తాను తెరిచే సాఫ్ట్‌వేరే అది. అందులో ఆకాశం ఒక్క పొరగా ఉండదు. నక్షత్రాల అసలు జాబితా ఒక పొర. కేంద్రం ఫైలు దాని మీద పరిచిన మరో పొర. పక్కన చిన్న గళ్లు ఉంటాయి; గడిలో టిక్కు తీసేస్తే ఆ పొర పోతుంది.

"ఆ ల్యాప్‌టాపు ఒకసారి ఇవ్వండి."

"ఎందుకు? ఇప్పుడు చూసి దిద్దుకోవడానికా?"

"మీ చేత్తోనే నొక్కండి. పక్కన జాబితాలో అడుగున సంఘం ఫైలు అని ఉంటుంది. టిక్కు తీసేయండి."

కార్యదర్శి కదలలేదు. అధ్యక్షుడు వంగి, మందు సీసా మీద తేదీ వెతికినంత శ్రద్ధగా వెతికి, తనే నొక్కాడు. అంకెలు, బాణం గుర్తులు మాయమయ్యాయి. వాటితో పాటు జంట చుక్కల కిందిది కూడా మాయమైంది. మిగిలినవి ఆయన వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"పదమూడు."

మళ్లీ నొక్కాడు. పద్నాలుగు. మళ్లీ. పదమూడు. ఆయనకు ఆ ఆట నచ్చినట్టుంది. నాలుగోసారి కూడా నొక్కేవాడే, కార్యదర్శి మూత వేసేసింది.

కేంద్రం ఒక్క వలయంలోనే దొంగ చుక్క పెట్టి ఊరుకోలేదు. ఉత్తరంలో చెప్పింది మాత్రం దొరికిన దాన్ని గురించే.

"అంటే," అధ్యక్షుడు అమాయకంగా అన్నాడు, "ఇది కూడా లేనిదేనన్నమాట. మరి మీకు కనిపించిందన్నారు కదా టీచరుగారూ. ఈ నెల మీరు రాసింది కూడా ఈ నక్షత్రం మీదేనా? మొన్న అంటున్నారు."

కార్యదర్శి చెయ్యి నివేదికల అట్ట మీద పడింది. దొంగకు తేలు కుట్టినట్టు, ఆ చెయ్యి అక్కడే బిగుసుకుంది. అట్టలో పై కాగితం అంచు బయటకు కనిపిస్తోంది. కార్యదర్శి పేరు, సంతకం, వలయం. అందులో ఎన్ని చుక్కలున్నాయో అద్దాలమ్మ లెక్కపెట్టనక్కరలేదు.

"మీ అద్దాలు చేసేది నేనే," అంది ఆమె మెల్లగా. "రెండేళ్లలో మూడుసార్లు మైనస్ పెరిగింది. ఈ వయసులో పవర్ అలా పెరుగుతుంటే లోపం అద్దంలో ఉండదు. కంట్లో శుక్లం ముదురుతోంది. మీకిందులో సగం చుక్కలు కనిపించి చాలా కాలమైంది."

"నా కళ్ల సంగతి నీకనవసరం."

"నా కళ్ల సంగతి మీరు పదకొండు మందిలో మాట్లాడారు."

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేయలేక పదే పదే తంతున్నారు.

"ఏం కావాలి నీకు?" అంది కార్యదర్శి. "వెళ్లి ఊరంతా చెప్పుకో."

"ఉత్తరం కావాలి. ఇప్పుడే, ఇక్కడే."

గదిలోకి దిగారు. కార్యదర్శి రాసింది, అద్దాలమ్మ నిలబడి చెప్పింది. చిత్తుకాగితంలో ఆ చుక్క లేదని, లేదనే రాసి ఉందని, శుభ్రప్రతి దించడంలో పొరపాటు జరిగిందని, సాక్షి ముందు పరీక్ష జరిగిందని, పదమూడే గీసిందని.

"ఎనిమిదో తారీకు నివేదిక కొట్టేయాలని కూడా రాయండి."

కార్యదర్శి కలం ఆపింది. "నీ నోటితో నువ్వే అంటున్నావా?"

"ఆ తప్పు నాది. అదొక్కటి పోవాలి."

"పెద్ద హరిశ్చంద్రుడి చెల్లెలు," అని గొణుగుతూనే ఆవిడ ఆ వాక్యం కూడా రాసింది. సంతకం పెట్టింది. అధ్యక్షుడు సాక్షి సంతకం పెట్టి, తన దుకాణం ముద్ర కూడా వేయబోతే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. ఆ రాత్రి ఇద్దరూ ఏకీభవించినది అదొక్కటే. తర్వాత కార్యదర్శి అట్టలోంచి పై కాగితం లాగి, నాలుగు మడతలు పెట్టి, సంచిలో వేసుకుంది. అద్దాలమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఎవరైనా అడిగితే చూడలేదని ఆమె చెప్పగలదు; కానీ అది నిజం కాదు.

తొమ్మిదో రోజు కేంద్రం నుంచి జవాబు వచ్చింది. ఆరు వందల పదిహేడు నిలిచాయి. అదే తపాలాలో కార్యదర్శి పదవికి ఆవిడ ఇచ్చిన రాజీనామా అందినట్టు కూడా ఉంది. కారణం అనారోగ్యమట. ఆ తర్వాత ఇంట్లో ఆడపడుచు మెట్లు దిగేది మరదలు షాపుకు వెళ్లాకే. భర్త అటూ ఇటూ మాటలు మోసి, "ప్లేటు మార్చేసుకోండి, ఇక నావల్ల కాదు," అన్నాడు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం వెనక గదికి బయటి షాపు పని వచ్చింది. పక్క వీధి షాపులో అరగదీసే యంత్రం లేదు. వాళ్ల గాజులు కవర్లలో ఇక్కడికే వస్తాయి. కవరు మీద పేరు ఉండదు, అంకె మాత్రమే. అద్దాలమ్మ చీటీ చదివింది. ఎడమకంటికి కోణం ఎనభై అయిదు. కుడికంటికి నూట అరవై రెండు. రెండు కళ్లకూ మైనస్ మరో అర పెరిగింది. ఫ్రేము ఆమెకు తెలిసినదే; కుడి చెవికొమ్మ స్క్రూ తాను మార్చినదే.

తన చేతి అద్దం పెట్టుకోకూడదని పక్క వీధి దాకా నడిచివెళ్లిన మనిషి గాజు మళ్లీ తన చేతికే వచ్చింది. ఎడమకంటి గీతను ఎనభై అయిదుకు బదులు తొంభై దగ్గర బిగిస్తే చాలు. అక్షరాలు కనిపిస్తాయి. తల పగులుతుంది. తిట్లు డాక్టరుకు, ఆ షాపుకు. ఇక్కడికి ఒక్కటి కూడా రాదు.

ఆమె గాజును కొలత యంత్రం మీద పెట్టి గీత చూసింది. ఎనభై అయిదు. బిగించి మళ్లీ చూసింది. ఎనభై అయిదు. నీటి ధార వదిలి, చక్రానికి ఆనించింది.